వృత్తి గడిలో ‘గృహిణి’ అని రాయకండి

పంచాయతీ కార్యదర్శులకు, మండల విలేకరులకు,

నమస్కారం. ఊళ్లో నలభై యాభై ఏళ్లు హోటల్ నడిపిన పెద్దావిడ పోయినప్పుడు ఆమె గురించి రాసేది మీరిద్దరే. కార్యదర్శి మరణ నమోదులో రాస్తారు, విలేకరి జిల్లా పేజీలో రాస్తారు. ఆ తర్వాత ఇంకెవరూ రాయరు. పల్లె హోటళ్ల వంటనూ లెక్కనూ కాగితం మీద పెట్టే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి, ఆ రెండు రాతల్లో ఏం జారిపోతోందో, దాన్ని ఎలా పట్టుకోవచ్చో మీకు చెప్పాలని ఈ లేఖ.

ముందు ఫారం సంగతి. మరణ నివేదిక అంటే రెండో నంబరు ఫారం. అందులో చట్టపరమైన భాగం ఒకటి, గణాంక భాగం ఒకటి. చనిపోయిన మనిషి వృత్తి ఏమిటన్న ప్రశ్న గణాంక భాగంలో ఉంటుంది. వృత్తి లేకపోతే లేదని రాయమని కూడా అక్కడే ఉంటుంది. కుటుంబం చేతికి వచ్చే ధ్రువపత్రంలో ఈ వివరం అచ్చుకాదు. అందుకే తప్పు రాసినా ఎవరూ దిద్దించుకోరు. కొడుకో, మనవడో, పక్కింటి అబ్బాయో ఇరవై ఒక్క రోజుల గడువు లోపల ఆధార్ జిరాక్స్ పట్టుకుని వస్తాడు. ‘ఏం చేసేవారు?’ అని మీరడిగితే, ‘ఇంట్లోనే ఉండేది సార్’ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. పల్లె హోటల్ ఇంట్లోనే ఉంటుంది. అరుగు మీద రెండు బల్లలు, వసారాలో పొయ్యి, నడవలో రుబ్బురోలు. ఇల్లూ కొట్టూ ఒకటే కావడంతో ఆమె పని ఇంటిపని కింద జమైపోతుంది. అదే కొడుకు ఆ అరుగు మీదే కూర్చుని గల్లాపెట్టె చూస్తే అతని వృత్తి గడిలో ‘వ్యాపారం’ పడుతుంది.

కాబట్టి ప్రశ్న మార్చి అడగండి. ‘పొద్దున పొయ్యి ఎవరు వెలిగించేవారు? సరుకు ఎవరు కొనేవారు? డబ్బు ఎవరి చేతికి వచ్చేది?’ ఈ మూడింటికీ ఆమె పేరే వస్తే, ఆ గడిలో ‘హోటల్ యజమాని’ అని రాయండి. మూడింట్లో రెండింటికి వచ్చినా అదే రాయండి. వంట ఆమెది, పెత్తనం భర్తది అంటే ‘హోటల్ వంట, కుటుంబ వ్యాపారం’ అని రాయండి. జీతం లేకుండా కుటుంబ వ్యాపారంలో పనిచేసినా జనగణన నిర్వచనం ప్రకారం అది పనే. రాబోయే 2027 జనగణనలో గడప దగ్గర నిలబడి అడిగే ఎన్యూమరేటర్లలో మీ ఊరి టీచర్లే ఉంటారు. ఈ మూడు ప్రశ్నలూ వాళ్ల చెవిన కూడా వేయండి.

ఆధారం కావాలంటే కాగితాలు ఉంటాయి, కానీ చాలావరకు ఆమె పేరున ఉండవు. కరెంటు కమర్షియల్ మీటరు మామగారి పేరునో భర్త పేరునో ఉంటుంది. ఇంటిపన్ను రసీదూ అంతే. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, ఆన్‌లైన్లో చేయించింది కొడుకు కాబట్టి అతని పేరే ఉంటుంది. బోర్డు మీద మనవడి పేరో దేవుడి పేరో ఉంటుంది. ఆమె పేరున దొరికేవి సాధారణంగా రెండే. ఒకటి, సంతలో కొట్టు పెట్టినప్పుడు కట్టిన ఆశీలు చీటీ. వేలంపాటదారు ఎదురుగా ఉన్న మనిషి పేరే రాస్తాడు. రెండోది పొదుపు సంఘం పుస్తకం. సంఘం రుణప్రణాళికలో ఎవరు దేనికి అప్పు తీసుకున్నారో ఉంటుంది. ‘హోటల్ సామాన్లకు’, ‘గ్రైండరుకు’ అన్న మాట అక్కడ కనబడితే, ఏ ఏడు ఏం కొన్నారో ఒకే వరుసలో దొరికినట్టే. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆమె పేరున తీసుకుని పెళ్లికో బోరుకో వాడిన అప్పులూ ఉంటాయి. గ్రైండరు అని రాసి ఉంటే గ్రైండరు ఉందో లేదో చూడండి. ఉంటే దాని అడుగున కంపెనీ రేకు మీద తయారైన సంవత్సరం ఉండొచ్చు.

విలేకరులకు ముఖ్యంగా వయసు గురించి చెప్పాలి. ‘శతాధిక వృద్ధురాలు’ అన్న శీర్షిక పెట్టడం తేలిక. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో పొలంగట్టున కట్టెలపొయ్యి మీద వండి ప్రపంచమంతా చూసేలా చేసిన మస్తానమ్మ గారు 2018 డిసెంబరులో పోయినప్పుడు 107 ఏళ్లని పత్రికలు రాశాయి. వయసుకు రుజువు కాగితం లేదన్న సంగతినీ రాశాయి. ఆ రెండో మాట ఆమె గౌరవాన్ని తగ్గించలేదు. మన ఊళ్లలో పెద్దవాళ్ల కార్డుల్లో చాలా వాటి మీద పుట్టినరోజు జనవరి 1. ఎవరో ఒకరు అంచనాగా చెప్పిన ఏడాదికి కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు తగిలించిన తేదీ అది. దాన్ని నమ్మి వయసు రాసే బదులు సంఘటనలతో కొలవండి. నయాపైసలు వచ్చింది 1957లో. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. రెండు రూపాయల కిలో బియ్యం 1983లో. కోనసీమ తుపాను 1996 నవంబరులో. తెలంగాణలో అయితే 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1969 ఉద్యమం. ఆ వేళకు ఆమెకు పెళ్లయిందా, చంకలో పిల్ల ఉందా, పిల్ల బడికి పోతోందా అని అడగాలి. నయాపైసలు వచ్చిన ఏడాది మొదటి బిడ్డ చంకలో ఉండి, ఆమెకు పదిహేడు పద్దెనిమిదేళ్లు అనుకుంటే, పుట్టింది 1939-40 ప్రాంతంలో. అంటే 2025లో ఎనభై అయిదు దాటి ఉంటుంది. వంద కాదు. రెండు మూడు సంఘటనలు ఒకే ఏడాది వైపు చూపిస్తే ‘సుమారు 85’ అని ధైర్యంగా రాయండి. అన్నీ ఒకే మనిషిని అడిగితే అన్ని జవాబులూ ఒకే వైపు ఒరుగుతాయి. ఆమె ఈడు ఆడవాళ్లను ఇద్దరిని విడివిడిగా అడగండి.

హోటల్ వయసునూ అలాగే కట్టాలి. ‘ఎప్పుడు పెట్టారు’ అంటే ఎవరికీ గుర్తుండదు. ‘పెట్టిన కొత్తలో ప్లేటు ఎంత’ అంటే ఠక్కున చెబుతారు. పావలాకు రెండు ఇడ్లీలు, తర్వాత అర్ధరూపాయికి రెండు అని ధరల వరుస రాసుకుని, ఒక్కో ధర పక్కన పైన చెప్పిన సంఘటనల్లో ఒకటి పెడితే పట్టిక దానంతట అదే తయారవుతుంది. ధర పెంచినప్పుడు గొడవ పడిన వాళ్లకు ఆ ఏడాది ఇంకా బాగా గుర్తుంటుంది.

ఇక విలేకరులతోనే ఇంకో మాట, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాం. ‘అన్నపూర్ణ’, ‘పేదల ఆకలి తీర్చిన తల్లి’ అని రాసి ముగించకండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) చేసింది అన్నదానం. ఆమెకు అన్నపూర్ణ అన్న పేరు తగింది, లోకం ఇచ్చింది. హోటల్ నడిపిన మనిషి చేసింది వ్యాపారం. పప్పు ధర పెరిగితే ఇడ్లీ ఎంత తగ్గాలో, ఎంత పెంచితే జనం ఎదురుకొట్టుకు పోతారో లెక్కగట్టింది. అరువు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చింది. పిల్లల ఫీజులు, కూతురి పెళ్లి, ఇంటి కప్పు ఆ లాభంలోంచే వచ్చాయి. ఆ తెలివిని దానగుణం కింద కప్పేస్తే ఆమెను సగమే గుర్తుపెట్టుకున్నట్టు. తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర వడివేలంపాళయంలో రూపాయికి ఇడ్లీ అమ్మిన కమలాత్తాళ్ గారి గురించి 2019లో దేశమంతా మాట్లాడుకుంది. మాటలన్నీ ఎక్కువగా ఆ రూపాయి చుట్టూనే తిరిగాయి. రోజుకు పప్పు ఎంత, బియ్యం ఎంత, కట్టె ఎంత, చివరికి చేతిలో మిగిలేదెంత అన్నవి కూడా రాస్తేనే ఆ రూపాయి ఎలా సాధ్యమైందో తెలుస్తుంది.

ఈ మరుపు ఇవాళ్టిది కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామం అనే పాత తెలుగు రచనలో పూటకూటింటి (డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇంటి) భోజనం ఉంది. కప్పురభోగి అన్నం, గోధుమ పిండివంట, పంచదార, పెసరపప్పు, అరటిపళ్లు, పెరుగు, అన్నీ కలిపి ఒక్క రూకకు (అప్పటి నాణెం). వంటకాలు నిలిచాయి, ధర నిలిచింది, ‘లక్ష్మణవజ్ఝల ఇంట’ అని ఇంటాయన పేరూ నిలిచింది. పొయ్యి దగ్గర ఎవరున్నారో లేదు.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, ఆమె వంటను రాసిపెట్టడం. ఇది ఆమె ఉండగానే చేయాలి. పోయాక కోడలు చెప్పేది కోడలి వంట, ఆమెది కాదు. వీడియో తీస్తే చాలదా అంటారు. వీడియోలో చేయి కనిపిస్తుంది, బరువు కనిపించదు. ఉప్పు ఎంత అంటే ‘చూసి వేస్తా’ అంటుంది. ఆ మాట నిజం. ఆమె చూస్తున్నది ఏమిటో పట్టుకోవడమే మన పని.

పది కిలోలు తూగే చిన్న కాటా ఒకటి, గ్రాములు చూపించేది ఇంకొకటి, గడియారం, నోట్‌బుక్ చాలు. ముందుగా ఆమె కొలపాత్రలు కొలవండి. సోల, తవ్వ, మానిక అన్న పేర్లు విని పుస్తకంలోని లెక్క వేసేయకండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నిజమే. కానీ పాత్ర ఊరిని బట్టి మారుతుంది. పైగా ఆమె వాడే ‘సోల’ ఒక పాత పాలడబ్బా అయి ఉండొచ్చు. దాన్ని నీళ్లతో అంచుదాకా నింపి తూచండి. ఖాళీ డబ్బా బరువు తీసేస్తే, మిగిలిన గ్రాములెన్నో మిల్లీలీటర్లు అన్నే. తర్వాత ఆమె చేత్తోనే బియ్యం పోయించి తూచండి, పిండి పోయించి తూచండి. ఒకే డబ్బాలో బియ్యం కంటే పిండి బరువు తక్కువ. ఆమె అంచుకు సమంగా గీస్తుందా, రాశిగా పోస్తుందా అన్నది తప్పక రాయండి. రాశిగా పోస్తే పిండిలో తేడా బాగా వస్తుంది. చారెడు, గుప్పెడు, చిటికెడు కూడా ఆమె చేతివే తూచాలి. మూడు రోజులు తూచి మూడు అంకెలూ రాయండి, సగటు ఒక్కటే రాయకండి. తేడా ఎంత ఉందన్నది కూడా సమాచారమే.

వేయబోయేది తూచడానికి ఆమెను ఆపకండి. ఆపితే చేయి తప్పుతుంది. ఉప్పు డబ్బాను వంటకు ముందు తూచి, అయ్యాక తూచితే తేడాయే వేసిన ఉప్పు. నూనె డబ్బా, కారం డబ్బా, కట్టెల మోపు అన్నీ ఇదే పద్ధతి. ప్రశ్నలు కూడా పొయ్యి దగ్గర వద్దు. మధ్యాహ్నం రద్దీ తగ్గి ఆమె భోంచేశాక అడగండి. ‘ఎంత వేస్తారవ్వా?’ అంటే జవాబు రాదు. ‘ఇవాళ ఎంతమంది వస్తారని నానబోశారు? వాన పడితే ఎంత తగ్గిస్తారు?’ అంటే వస్తుంది.

సీమలో రాగిసంగటి తీసుకోండి. అరకిలో బియ్యపు నూక, సుమారు 650 గ్రాముల రాగిపిండి, మూడుముప్పావు లీటర్ల నీళ్లు. మామూలుగా 300 గ్రాముల ముద్దలు పద్నాలుగు పదిహేను వస్తాయి. ఇది ఎవరైనా రాస్తారు. రాయనివి వేరే ఉన్నాయి. నూక మెత్తగా ఉడికి పైన నీళ్లు ఇంకా తేలుతుండగానే ఒక చెంబు ఎసరు తీసి పక్కన పెడుతుంది. పిండి కుప్పగా నడుమ పోసి కదపదు. గరిటె కాడతో రెండు మూడు బొక్కలు చేసి ఆవిరి పైకి రానిస్తుంది. మంట లాగేసి, నిప్పుల మీద మూతపెట్టి పది నిమిషాలు వదిలేస్తుంది. పోసిన వెంటనే కలిపితే పిండి ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తొందరపడి దించితే పళ్లకు అంటుకుని పచ్చివాసన వస్తుంది. కట్టెతో కెలికేటప్పుడు గట్టిపడితే పక్కన పెట్టిన వేడి ఎసరే పోయాలి. చన్నీళ్లు పోస్తే ముద్ద జారిపోతుంది, తర్వాత ఎంత ఉడికించినా కుదరదు. తడిచేత్తో తాకితే వేలికి అంటకపోవడం ఆమె చూసే గుర్తు. ‘చూసి చేస్తా’ అన్నదాంట్లో ‘చూసి’ అంటే ఇదీ.

కోస్తాలో ఇడ్లీకి కిలో మినప్పప్పుకు రెండున్నర కిలోల రవ్వ అనుకుంటే, ఒక్కోటి యాభై గ్రాముల పిండితో నూట ముప్పై, నూట నలభై దాకా దిగుతాయి. ఇక్కడ రాయాల్సింది పప్పు కొత్తదా పాతదా అన్నది. పాతపప్పు ఎంత రుబ్బినా పొంగదు. రవ్వ నానాక చేత్తో పిండి నీళ్లు ఎంత తీస్తుందో చూడండి. నీళ్లు మిగిలితే ఇడ్లీ పలచబడి పరుచుకుంటుంది. గ్రైండరు వేడెక్కితే పిండి పొంగు చస్తుంది, అందుకే కొందరు కుండలోని చల్లని నీళ్లు చల్లుతారు. నెల పేరు తప్పకుండా రాయండి. మేలో ఎనిమిది గంటల్లో పొంగే పిండి డిసెంబరులో పన్నెండు పద్నాలుగు గంటలు తీసుకుంటుంది. అందుకే చలికాలం ఆమె మధ్యాహ్నమే రుబ్బేస్తుంది. ఆమె దినచర్య మొత్తం ఈ పొంగు చుట్టూ కట్టుకున్నదే. ఏ పెళ్లికీ రాత్రి ఉండలేకపోవడానికి కారణమూ ఇదే.

ఉగ్గాని (బొరుగులతో, అంటే మరమరాలతో చేసే సీమ టిఫిను) గురించి ఒక్క ముక్క: బొరుగులు లావువా, సన్నవా అన్నది రాయకపోతే మిగతాదంతా వృథా. సన్న బొరుగులు నీళ్లలో పడిన క్షణాల్లో ముద్దయిపోతాయి.

కట్టె పేరు కూడా రాయాలి. తుమ్మ నిదానంగా, ఎక్కువసేపు కాలుతుంది, నిప్పు నిలుస్తుంది. సరుగుడు త్వరగా అంటుకుంటుంది. సంగటికి నిప్పులు కావాలి, దోసెకు మంట కావాలి. గ్యాసుకు మారిన ఏడు ఏ వంటకం మానేసిందో అడగండి. ఆ జవాబు చాలా విషయాలు చెబుతుంది. దాంతోపాటు ఆమె దగ్గు గురించి, కళ్ల గురించి కూడా అడగండి. నలభై ఏళ్ల పొగ ఎక్కడికీ పోదు.

అరువు లెక్క చాలా హోటళ్లలో గోడ మీదే ఉంటుంది. బొగ్గుతో గీతలు, నిలువుగా నాలుగు, అడ్డంగా ఒకటి. కొందరు మనిషికో గుర్తు వేసుకుంటారు, చదువు రాకపోయినా తప్పు రాదు. పంట చేతికొచ్చాక వడ్లతోనో, వారం పొడుగునా పాలతోనో, కట్టెల మోపుతోనో తీరిన బాకీలూ ఉంటాయి. ఆ గోడను పగటి వెలుతురులో, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. పండక్కి సున్నం వేస్తే అది పోయినట్టే. అయితే ఏ గీత ఎవరిదో పత్రికలో వేయకండి. ఆ బాకీలు ఇంకా బతికున్నవాళ్లవి.

అడగడానికి ఇబ్బందైన ప్రశ్న ఒకటుంది, దాన్ని వదలకండి. ఆ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి, అంటే దళితులకు వేరే గ్లాసు పెట్టడం, ఉండేదా? ఉంటే ఎవరికి వేరే గ్లాసు, ఎవరికి అరుగు కింద చోటు, ఎప్పుడు పోయింది, ఎవరు పోగొట్టారు? మన ఊళ్లలో ఎన్నో హోటళ్లలో ఆ పద్ధతి నడిచింది. ఆమె దాన్ని కొనసాగించిందంటే రాయాలి. ఊరిని ఎదిరించి తీసేసిందంటే కూడా రాయాలి. లేదా ఆమే దళితవాడలోంచి వచ్చి, అగ్రకులాలవాళ్లు తన చేతి టీ తాగరని తెలిసీ పొయ్యి పెట్టుకుని ఉండొచ్చు. ఇంటివాళ్లను ఒక్కళ్లనే అడిగితే ‘మా దగ్గర అలాంటివి లేవు’ అనే వస్తుంది. బయట నిలబడి తాగినవాళ్లను అడగండి.

గిన్నెలు కడిగిన, నీళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు కూడా అడిగి రాయండి. వాళ్లకు జీతం ఎంత, అన్నం ఎన్ని పూటలు, ఎన్నేళ్లు చేశారు. యజమాని పేరే నిలవని చోట వాళ్ల పేర్లు అసలు నిలవవు.

కార్యదర్శులను చివరిగా అడిగేవి రెండు. మరణ నమోదులోని వృత్తి ధ్రువపత్రంలో కనిపించదు కాబట్టి, తర్వాతి గ్రామసభలో సంతాప తీర్మానం పెట్టించండి. పేరు, భర్త పేరు కంటే ముందు పుట్టింటి ఊరు, సుమారు వయసు, హోటల్ ఉన్న చోటు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏమేం వండి అమ్మేవారు. అయిదారు వాక్యాలు మినిట్స్ పుస్తకంలో ఎక్కితే అది ఊరి రికార్డు.

రెండోది, పెద్దకర్మ లోపల ఒకసారి ఆ ఇంటికి వెళ్లండి. పదకొండో రోజో, పదమూడో రోజో అయ్యాక సామాన్లు పంచుకుంటారు. ఇత్తడిది కూతురు తీసుకుంటుంది, ఇనుప పెనం పాత సామాన్లవాడికి పోతుంది. సొట్టలు పడిన ఆ కొలత డబ్బా చెత్తలోకి పోతుంది. ముందు దాన్ని అడిగి తీసుకుని, నీళ్లు నింపి తూచి, ఎంతో రాసుకోండి.

ఇట్లు,
పల్లె హోటళ్ల వంటనూ లెక్కనూ రాసిపెడుతున్నవాళ్లం